రేడియో నడపిన బాంబు

విమానమునుండి ఒకమారు విడిచిన బాంబుపై ఇక నెవరి ఆజ్ఞయు చెల్లదు. గాలియు, భూమ్యాకర్షణమును దానిని తమ యిచ్చవచ్చినట్లు కొనిపోవును. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు ఈ నియమమును మార్చిరి. అందులకు సాధనమైనది మీరిప్పుడు నా మాటలు వినుచున్న ఈ రేడియోయే. కనుక ఆ కథ నిచ్చట చెప్పుట నాకు కొంత చిత్రముగా నున్నది.

మాక్స్ క్రామర్ అను ఇంజనీరు రూపొందించిన ఆ బాంబునకు 'ఫ్రిట్జ్ ఎక్స్' అని పేరు. బరువు సుమారు 1,400 కిలోగ్రాములు. దానికి ఇంజను లేదు. మిక్కిలి ఎత్తునుండి పడు వేగమే దాని బలము. నాలుగు పొట్టి రెక్కలు, తోకయందు మండుచుండు దీపము, లోపల రేడియో సంకేతములను గ్రహించు యంత్రము, ఇవి దాని విశేషములు. విమానములోని గురికాడు ఆ దీపమును కనిపెట్టి చూచుచు, చేతిలోని చిన్న పిడిని ఇటునటు కదల్చి, బాంబును ఓడవైపు మరల్చును. ఇందొక చిక్కు కలదు. బాంబు కంటికి కనబడుచుండవలెనన్న, విమానము వేగము తగ్గించుకొని తిన్నగా పోవలసినదే. అంతసేపును అది శత్రువుల ఫిరంగులకు సులభమైన గురి. కొట్టువానికిని కన్ను త్రిప్పుకొను వీలు లేదు. ఈ యాయుధమును గూర్చి చదివినప్పుడెల్ల నా మనస్సు ఆ గురికానివద్దనే ఆగును.

దీని జాతిదే యైన 'హెన్షెల్ 293' అంతకుముందే, 1943 ఆగస్టు 27న, బిస్కే అఖాతమున 'ఈగ్రెట్' అను బ్రిటిషు నౌకను ముంచెను. కాని లోకమును ఉలికిపడజేసినది 'రోమా' సంగతి.

సెప్టెంబరు 8న ఇటలీ యుద్ధవిరమణ ప్రకటితమయ్యెను. మరునాడు ఇటలీవారి మహాయుద్ధనౌక 'రోమా', నౌకాసేనాపతి కార్లో బెర్గమీనితో, సార్డీనియా ద్వీపప్రాంతమున సాగుచుండెను. ఆ నౌక కొలువునకు వచ్చి పదునైదు నెలలు కూడ నిండలేదు. అపరాహ్ణమున జర్మను డోర్నియర్ విమానములు పైకి వచ్చినవి. నిన్న మొన్నటివరకు అవి మిత్రుల విమానములే! ఒక బాంబు ఓడను పైనుండి అడుగువరకు దూసికొనిపోయి క్రింద ప్రేలెను. రెండవది ముందుభాగమున పడగా మందుగుండు కొట్లు అంటుకొనెను. నౌక రెండు తునుకలై మునిగెను. బెర్గమీనితోపాటు వెయ్యిమందికి పైగా నావికులు మరణించిరి.

ఆ నెలలోనే సలెర్నో యొద్ద అమెరికావారి 'సవానా', బ్రిటిషువారి 'వార్‌స్పైట్' ఇట్టి దెబ్బలే తిని, మునుగక బయటపడినవి. రేడియోకు విరుగుడు రేడియోయే యైనది: మిత్రరాజ్యములవారు ఆ సంకేతములను కలతపెట్టు ప్రసారయంత్రములను ఓడలపై నెక్కించిరి. 1944లో నార్మండీ దాడినాటికి ఆ బాంబుల పొగరు చాలవరకు అణగెను.

'రోమా' శకలములు 2012లో సార్డీనియాకు ఉత్తరమున, సుమారు 1,000 మీటర్ల లోతున కనుగొనబడినవి.