గీతలు చెరిగిన డయల్

రాత్రి తొమ్మిది దాటింది. పలాస పక్కనున్న కాశీబుగ్గలోని ఒక చిన్న లేత్ షాపులో చక్‌కి బిగించిన షాఫ్టు తిరుగుతోంది. జీడి పిక్కలు ఉడికించే బాయిలర్‌కి నీళ్లు తోడే పంపుది అది. పొద్దున్నకి అందకపోతే ఫ్యాక్టరీలో పిక్కలు ఉడకవు. పిక్కలు ఉడకకపోతే కటింగ్ మిషన్ల ముందు కూర్చునే ఆడవాళ్లకి ఆ రోజు కూలి ఉండదు.

అరిగిన చోట వెల్డింగ్ పోసి ఉంది. అక్కడ టర్నింగ్ చేసి 6205 బేరింగు కూర్చోబెట్టాలి. ఆ బేరింగు లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. షాఫ్టు మాత్రం అంతకన్నా 2 నుంచి 15 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యోవంతులు) ఎక్కువ ఉండాలి. అప్పుడే బేరింగు గట్టిగా పట్టుకుంటుంది. తక్కువైతే లోపలి రింగు జారి, షాఫ్టు మళ్లీ అక్కడే అరుగుతుంది. మరీ ఎక్కువైతే బేరింగు బిగుసుకుని వేడెక్కిపోతుంది.

షాపు నడిపే మావయ్య మైక్రోమీటరు పట్టి చూశాడు. ఇంకా 0.30 మిల్లీమీటరు తియ్యాలి. టార్చి వేసుకుని డయల్ మీదకి వంగాడు.

"గీతలు కనబడ్డం లేదురా" అన్నాడు మేనల్లుడితో. "నువ్వు సూడు."

కుర్రాడు చూశాడు. వాడికీ కనబడలేదు. కనబడడానికి అక్కడ గీతలే లేవు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... ఉద్దానమంతా కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు కూలి ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. ఈ షాపు పైరేకులు లేచిపోయి లేత్ వానకి తడిసింది. ఇల్లు నిలబెట్టుకోవాల్సిన మనిషికి మిషను తుడిచి నూనె రాసే తీరిక ఎక్కడిది? తిరిగొచ్చేసరికి కోత టూలుని జరిపే క్రాస్ స్లైడ్ డయల్ మీది గీతల్ని తుప్పు తినేసింది. ఆ తర్వాత అలవాటు మీద, చేతి వాటం మీద నెట్టుకొచ్చాడు. యాభై దాటాక కళ్లు కూడా మొరాయించాయి.

ఆ రాత్రి అందాజుగా కోత పెట్టాడు. 24.96 వచ్చింది. మళ్లీ వెల్డింగ్ పొయ్యాల్సిందే.

"ఇంక లేత్ అమ్మేత్తాను" అన్నాడు. ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదని కుర్రాడు నాతో చెప్పాడు. వాడు టెక్కలిలో డిప్లొమా చదువుతున్నాడు. సెలవులకి వచ్చి మావయ్య దగ్గర పని నేర్చుకుంటాడు.

డయల్ మీద గీతలు కొత్తగా చెక్కించినా సమస్య సగమే తీరేది. డయల్ చెప్పేది స్క్రూ ఎంత తిరిగిందో మాత్రమే. పాత లేత్‌లో స్క్రూకి, నట్టుకి మధ్య ప్లే ఉంటుంది. హ్యాండిల్ వెనక్కి తిప్పితే కొంతదూరం వరకూ స్లైడ్ కదలదు, డయల్ మాత్రం కదిలానంటుంది. స్లైడ్‌నే నేరుగా కొలిచే పట్టీ ఒకటి పెడితే స్క్రూ ఎంత లూజుగా ఉన్నా కొలత తప్పదు. డిజిటల్ రీడౌట్ చేసే పని ఇదే. గాజు స్కేళ్లతో కంపెనీ సెట్టు కొనాలంటే పదుల వేలు. చిన్న షాపుకి అది మాటలు కాదు.

కుర్రాడు వెయ్యి రూపాయల లోపు దొరికే ఆరంగుళాల డిజిటల్ కాలిపర్ తెచ్చాడు.

"ఏట్రా, నాకీపాటి కాలిపర్ లేదేటి?"

"కొలవడానికి కాదు మావా. స్లైడ్‌కి బిగిత్తాను."

1631లో పియర్ వెర్నియర్ రెండు పట్టీల గీతలు ఎక్కడ కలిశాయో చూసి సన్నని కొలత తీసే ఉపాయం చెప్పాడు. అది గొప్ప ఉపాయమే, కానీ కళ్లుండాలి. చౌక డిజిటల్ కాలిపర్‌లో ఆ చూసే పని కరెంటు చేస్తుంది. పట్టీ మీద వరసగా రాగి పలకలుంటాయి. జరిగే తల కింద ఇంకో వరస. తల జరిగినప్పుడు వాటి మధ్య కెపాసిటెన్స్ మారుతుంది, లోపలి చిప్ దాన్ని మిల్లీమీటరులో నూరోవంతు దాకా లెక్కగడుతుంది. చిన్న మూత జరిపితే నాలుగు రాగి చుక్కలు కనిపిస్తాయి. అక్కణ్ణుంచి కొలత 24 బిట్ల అంకెగా బయటికొస్తుంది. అయితే అది ఒకటిన్నర వోల్టు గొంతుతో చెప్పేమాట. కొలత అందుకోవాల్సిన అయిదు వోల్టుల ఆర్డుయినో బోర్డుకి వినబడదు. రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి ఆ గొంతు పెంచాడు. బోర్డుకి బ్లూటూత్ ముక్క కలిపాడు. ఇంట్లో మూలపడిన ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో ఇంటి వర్క్‌షాపుల కోసమే తయారైన టచ్‌డీఆర్వో యాప్ వేశాడు.

టేబుల్ మీద అంతా బాగుంది. లేత్‌కి బిగించగానే కాలిపర్ తెర ఆరిపోయింది.

మావయ్య ఏమీ అనలేదు. కుర్రాడు మాత్రం స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఒక రోజంతా వెతికితే దొరికింది కారణం. ఇలాంటి చౌక కాలిపర్లు చాలావాటిలో ఉక్కు పట్టీ మైనస్‌కి కాదు, ప్లస్‌కి కలిసి ఉంటుంది. బోర్డు పెట్టిన ఇనప డబ్బా మైనస్. రెండూ లేత్ బాడీ మీద కలిసి షార్టయ్యాయి. పట్టీకీ లేత్‌కీ మధ్య ఫైబర్ ముక్కలు, బోల్టులకి ప్లాస్టిక్ వాషర్లు పడ్డాయి. అవి కోసింది, రంధ్రాలు పెట్టింది మావయ్యే. పట్టీ స్లైడ్‌తో పాటు తిన్నగా, వంకర లేకుండా నడిచేలా డయల్ గేజ్ పెట్టి సరిచూసిందీ ఆయనే. ఆ చెయ్యి లేకపోతే ఎంత ఎలక్ట్రానిక్స్ తెలిసినా ఈ పని జరిగేది కాదని నా నమ్మకం.

తెర వెలిగింది. మోటారు ఆన్ చెయ్యగానే అంకెలు గెంతడం మొదలెట్టాయి. షీల్డు ఉన్న వైరు వేసి, దాన్ని మోటారు లైనుకి దూరంగా లాగాక కుదుటపడ్డాయి. సముద్రపు తేమకి, ఉప్పుగాలికి కెపాసిటివ్ పట్టీ తొందరగా తికమకపడుతుంది కాబట్టి పైన అల్యూమినియం చానల్ మూతలా కప్పారు.

మళ్లీ అదే రకం షాఫ్టు వచ్చింది. మావయ్య ఒక కోత పెట్టి మైక్రోమీటరుతో కొలిచి, ఆ కొలతే ట్యాబ్‌లో కొట్టాడు. స్లైడ్ 0.10 ముందుకెళితే షాఫ్టు 0.20 తగ్గుతుంది గనుక తెర వ్యాసమే చూపేలా ముందే సెట్ చేసి ఉంది. ఇప్పుడు అరచెయ్యంత అంకెలు. కళ్లద్దాలు తీసేసి హ్యాండిల్ తిప్పాడు. 25.10. 25.04.

"ఇంకాగు మావా. ఇక్కణ్ణుంచి మైక్రోమీటరే."

"నాకు సెప్తావేటి?" అన్నాడాయన. గొంతులో కోపం లేదు.

కుర్రాడి మాట నిజం. ఈ పట్టీ నూరోవంతు దగ్గరే ఆగుతుంది. టూలు అరుగుదల, షాఫ్టు వంగుడు దానికి తెలియవు. చివరి మైక్రాన్లు సన్నకోతతో, ఎమెరీ పేపరుతో, మైక్రోమీటరుతో సాధించుకోవాల్సినవే. 25.01 దగ్గర మావయ్య చెయ్యి ఆపాడు. బేరింగు వేడి చేసి తొడిగితే బిగుతుగా కూర్చుంది.

లేత్ అమ్మే మాట మళ్లీ రాలేదు. టెక్కలి గ్రానైట్ యూనిట్ల బ్లేడు స్పిండిళ్ల పని కూడా ఒప్పుకుంటున్నాడు. వాటికి పొడవు కొలతా ముఖ్యమే కాబట్టి క్యారేజీకి ఇంకో పట్టీ కావాలి. అక్కడ కూలెంటు, ఇనప తురుము పడతాయి, కాలిపర్ నిలవదు. మాగ్నెటిక్ టేపు స్కేలైతే తడికి ఓర్చుకుంటుంది గానీ ఖరీదెక్కువ. దానికోసం మావయ్య ప్రతి షాఫ్టు మీదా కొంత పక్కన పెడుతున్నాడు.