తాడే పామైన వేళ

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్ వంటి చోట్ల ఇల్లు కట్టుకున్న మన వాళ్ళ దగ్గరికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. సాయంత్రం వాగు పక్కన నడకకు వెళ్తే, పాము బొమ్మ వేసిన హెచ్చరిక బోర్డు కనబడుతుంది. "కరిస్తే ఏం చేస్తార్రా ఇక్కడ?" అని నాన్న అడుగుతారు. మనకు వెంటనే తోచే జవాబు సినిమాల్లో చూసిందే. కాటుకు పైన తాడు బిగించి కట్టాలి, బ్లేడుతో గాటు పెట్టాలి, నోటితో విషం పీల్చి ఉమ్మాలి.

ఈ మూడూ తప్పే. అయితే మనం చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఒకప్పుడు ఆస్ట్రేలియా వాళ్ళూ ఈ మూడే చేసేవారు. వాటిని వాళ్ళు ఎలా వదిలించుకున్నారో తెలిస్తే, మనం ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

వలస వచ్చిన తెల్లవాళ్ళకు ఇక్కడి పాములు కొత్త. బెదురుకి తోడు తోచిన వైద్యమల్లా చేశారు. గాయాన్ని కోశారు, కాల్చారు, రోగికి బ్రాందీ పట్టించారు. పామాటలు ఆడేవాళ్ళు తమ "విరుగుడు" సీసాలను వీధుల్లో అమ్ముకున్నారు. చదువుకున్నవాళ్ళూ తక్కువ తినలేదు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రానికి మొదటి ఆచార్యుడైన జార్జ్ హాల్‌ఫర్డ్, 1860ల చివర్లో, అమ్మోనియాను నరంలోకి ఎక్కిస్తే విషం విరుగుతుందని ప్రచారం చేశాడు. కలకత్తాలో జోసెఫ్ ఫేరర్ జంతువుల మీద పరీక్షించి, దానివల్ల ఉపయోగం లేదని తేల్చాడు. తర్వాత విక్టోరియాలోనే ఆగస్టస్ ముల్లర్ అనే డాక్టరు స్ట్రిక్నిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. మన ముష్టి గింజల్లో ఉండే విషమే అది! ఒక విషానికి ఇంకో విషం. బతికినవాడు మందు వల్ల బతికాడనేవారు, చచ్చినవాడు ఆలస్యం వల్ల చచ్చాడనేవారు. మన ఊళ్ళలో పాము మంత్రం వేసేవాడి పేరు నిలిచేదీ ఈ లెక్క మీదే. పాము కరిచిన ప్రతిసారీ ఒంట్లోకి విషం ఎక్కదు మరి.

అసలు మందు రావడానికి చాలా కాలం పట్టింది. మెల్‌బోర్న్‌లోని కామన్వెల్త్ సీరం లాబొరేటరీస్ 1930లో టైగర్ స్నేక్ విషానికి యాంటీవీనమ్ తయారుచేసింది. టైపాన్ విషానికి మందు రావడం వెనక ఒక ప్రాణం ఉంది. 1950 జులైలో కెవిన్ బడెన్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రవాడు కెయిర్న్స్ దగ్గర ఒక టైపాన్‌ను పట్టుకున్నాడు. సంచిలో వేసేటప్పుడు అది కరిచింది. దాన్ని చంపొద్దనీ, పరిశోధనకు పంపమనీ చెప్పి, మర్నాడు చనిపోయాడు. పాము ప్రాణంతో మెల్‌బోర్న్ చేరింది. 1955లో టైపాన్ యాంటీవీనమ్ వచ్చింది. అదే ఏడు కెయిర్న్స్‌లోనే పదేళ్ళ పిల్లవాణ్ణి బతికించింది.

మందు ఆసుపత్రిలో ఉంటుంది, కాటు పొలంలో పడుతుంది. ఈ రెంటి మధ్య గంటల దూరం ఉన్న దేశం ఇది. ఆ మధ్యకాలంలో ఏం చేయాలన్నదానికి జవాబు మాత్రం ఇంకా తాడే. తాడు బిగిస్తే రక్తమే ఆగి కాలు పాడవుతుంది, విప్పగానే విషం ఒక్కసారిగా ఒంట్లోకి పారుతుంది. తాడే పామై కరిచిందనే సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

సీరం లాబొరేటరీస్‌లోనే పనిచేసిన స్ట్రువాన్ సదర్లాండ్ ఈ ప్రశ్నను పట్టుకున్నాడు. ఇక్కడి పాముల విషం ముందుగా ప్రయాణించేది రక్తంలో కాదు, చర్మం కింద ఉండే సన్నని లింఫ్ నాళాల్లో. వాటిని తోసేది కండరాల కదలిక. అంటే నాళాలను మెత్తగా నొక్కి, కాలిని కదలకుండా చేస్తే చాలు. కోతుల మీద పరీక్షిస్తే, కట్టు ఉన్నంతసేపూ రక్తంలో విషం పెద్దగా పెరగలేదు. 1979లో సదర్లాండ్ బృందం ఈ సంగతి ప్రకటించింది. దేశమంతా పద్ధతి మార్చుకుంది. మందులూ ఆసుపత్రులూ తోడై, ఇప్పుడు ఇక్కడ పాము కాటుతో పోయేవారు ఏడాదికి సగటున ఇద్దరు, ముగ్గురు.

పద్ధతి ఇదీ. మనిషిని ఉన్నచోటే పడుకోబెట్టండి, నడవనివ్వకండి. 000 కు ఫోన్ చేయండి. గాయాన్ని కడగకండి, కోయకండి. వెడల్పాటి సాగే బ్యాండేజీని ముందు కాటు మీద చుట్టి, తర్వాత వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి, వీలైనంత దూరం చుట్టండి. బట్టల మీదే చుట్టవచ్చు. బెణికిన మడమకు కట్టినంత బిగువు ఉండాలి, వేళ్ళు నల్లబడకూడదు. కర్రో గట్టి అట్టో ఆనించి కాలిని కదలకుండా కట్టండి. కాటు పడినచోటు కట్టు మీద గుర్తు పెట్టండి. ఆసుపత్రి చేరేదాకా విప్పకండి. మనిషి స్పృహ తప్పి ఊపిరి ఆగితే ముందు సీపీఆర్, తర్వాతే కట్టు. ఫన్నెల్‌వెబ్ సాలెపురుగుకూ ఇదే కట్టు. రెడ్‌బ్యాక్‌కు మాత్రం వద్దు, చల్లటి కాపడం చాలు.

ఇక్కడొక జాగ్రత్త. ఈ కట్టు సంగతి ఫోన్లో మన ఊరికి యథాతథంగా చెప్పకూడదు. మన రక్తపింజర విషం కాటు పడినచోటే కండను పాడుచేస్తుంది. గట్టి కట్టు కడితే ఆ హాని పెరగవచ్చు. అందుకని ఇండియాలో చెప్పేది: ధైర్యం చెప్పండి, విరిగిన కాలికి చేసినట్టు కదలకుండా ఉంచండి, 108 పిలిచి ఆసుపత్రికి చేర్చండి. తాడూ బ్లేడూ మంత్రమూ అక్కడా వద్దు. 2000 నుంచి 2019 దాకా ఇండియాలో పాముకాటుతో సుమారు పన్నెండు లక్షలమంది పోయారని ఒక అధ్యయనం అంచనా. ఎక్కువ నష్టపోయిన రాష్ట్రాల్లో మనదీ ఉంది.

రక్తపింజరను లోకానికి పరిచయం చేసిన పాట్రిక్ రస్సెల్ ఉన్నది మన విశాఖపట్నంలోనే. 1796లో వెలువడిన తన గ్రంథంలో ఆయన పాములకు తెలుగు పేర్లే రాసుకున్నాడు. అందులోని "బంగారు పాము" నుంచే కట్లపాము జాతికి "బంగారస్" అనే శాస్త్రీయ నామం వచ్చింది. పాముల శాస్త్రానికి పేరు ఇచ్చిన భాష మనది. ఆ శాస్త్రం చెప్పిన చికిత్సను ఇంట్లో పెద్దలకు చెప్పడం కూడా ఈ భాష పనే.

ఈ ఆదివారం ఒక పని చేయండి. రెండు వెడల్పాటి బ్యాండేజీలు కొని, ఒకటి వంటింట్లో, ఒకటి కార్లో పెట్టండి. నాన్న కాలికి మనవడి చేత కట్టించి చూడండి. ఇంగ్లీషు రాని అమ్మకు రెండు మాటలు నేర్పండి. 000 కు ఫోన్ చేసి ముందు "ఆంబులెన్స్" అనాలి, తర్వాత "తెలుగు" అనాలి. దుబాసీని కలిపేదాకా ఫోన్ పెట్టెయ్యకూడదు.