చీనీ మట్టి దీపం, దాని అసలీ తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాటకి తేదీ ఒక్కటే మిగిలింది. పాత చీనీ మట్టి టేబుల్ లాంప్‌కి కీమత్ కట్టాలంటే మాత్రం రెండర్థాలూ కావాలి.

హైదరాబాద్ పాతబస్తీలో ఏ ఖాందాన్‌ని కదిలించినా అల్మారాలోంచి ఒక 'నవాబు గారి' వస్తువు బయటికొస్తుంది. దానికి కారణముంది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్, 1949లో జాగీర్ల రద్దు. రాబడి ఆగింది గానీ దేవ్‌డీల ఖర్చు ఆగలేదు. ఝూమర్లు, అద్దాలు, చీనీ సామాన్ ఒక్కొక్కటే అమ్మకానికి వచ్చాయి. మూడో సాలార్ జంగ్ షౌక్‌తో పోగేసినవి 1951లో మ్యూజియంగా నిలిచాయి. చాలా ఇళ్లవి చేతులు మారి జుమేరాత్ బజార్ లాంటి చోట్లకి చేరాయి. సామాన్‌తో పాటు కిస్సాలూ చేతులు మారాయి.

మా నానీ ఇంట్లోనూ ఒక లాంప్ ఉండేది. తెల్లటి ఒంటి మీద నీలం పూలు, అంచుకి బంగారు గీత. 'మహబూబ్ అలీ పాషా జమానాలో మీ పర్‌నానాకి ఇనామ్‌గా ఇచ్చారు' అనేది నానీ. ఆమె పోయాక, కూతురి కాలేజీ ఫీజు కోసం మామూ దాన్ని అమ్మాలనుకున్నాడు. ఒక దలాల్ వచ్చి చూశాడు. 'కింద మఖ్మల్ గుడ్డ అతికిద్దాం, నిజాం లాంప్ అని చెప్దాం' అన్నాడు. మామూ జవాబివ్వకుండా నాకు ఫోన్ చేశాడు.

ముందు టార్చ్ పెట్టి చూశాను. అసలీ పోర్సిలీన్ పల్చగా ఉన్నచోట వెలుగుని ఇవతలికి పంపుతుంది. ఇదీ పంపింది. వేలితో తడితే గంటలా మోగాలి, బొంగురుగా పలికితే ఎక్కడో పగులున్నట్టు. మెడ దగ్గర వెంట్రుకంత బీట దొరికింది. భూతద్దంలో పూలు సన్నటి చుక్కలుగా విడిపోయాయంటే అచ్చు వేసినవి. ఇవి కుంచె గీతలే. అడుగున వైరు రంధ్రం అంచు నున్నగా ఉంది, అంటే ఫ్యాక్టరీలో పెట్టిందే. మామూలు పూలకుండీని తర్వాత తొలిచి లాంప్ చేస్తే ఆ అంచు గరుకుగా ఉంటుంది, కీమత్ బాగా పడిపోతుంది.

ఆ నీలం రంగుకీ పెద్ద సఫర్ ఉంది. 14వ శతాబ్దంలో చైనా కుమ్మరులు దానికి కావలసిన కోబాల్ట్‌ని ఇరాన్ నుంచి తెప్పించుకున్నారు. యూరప్ వాళ్ల మైసెన్ కార్ఖానా మొదలైంది 1710లో గానీ కాదు.

చివరికి లాంప్‌ని తలకిందులు చేశాను. 'మేడిన్ జపాన్' అని ముద్ర. అమెరికా 1890లో చేసిన టారిఫ్ చట్టంతో, దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు తప్పనిసరైంది. జపాన్ వాళ్లు మొదట 'నిప్పాన్' అని వేసేవారు. 1921లో అది చెల్లదన్నాక 'జపాన్' అని రాయడం మామూలైంది. కాబట్టి ఈ లాంప్ ఆ తర్వాతి కాలానిదనే లెక్క. మహబూబ్ అలీ పాషా ఇంతకాల్ 1911లోనే అయ్యింది. చనిపోయిన పాషా ఇనామ్ ఎలా ఇస్తాడు?

మామూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, కొనడానికి వచ్చినాయనకి ముద్ర, మెడ దగ్గరి బీట తనే చూపించాడు. 'ఐబ్ దాచి అమ్మిన పైసలతో పిల్లని చదివించను' అన్నాడు. దలాల్ ఆశపెట్టిన దాంట్లో మూడో వంతు వచ్చింది. ఫీజులో తక్కువైంది ఖాలా సర్దింది.

నానీ అబద్ధం చెప్పిందని నేననుకోను. తను విన్నదే చెప్పింది. కానీ మన ఇళ్లలో మంచి వస్తువు కనబడితే నవాబు పేరెందుకు తగిలిస్తాం? మనలో ఎక్కువమంది తాతలు నవాబులు కాదు. బావర్చీలు, దర్జీలు, మున్షీలు, టాంగా తోలినవాళ్లు. వాళ్లలో ఎవరో జీతంలోంచి ఆనా ఆనా దాచి, ఇంట్లో వెలుగు కోసం ఒక జపాన్ లాంప్ కొనుక్కుని ఉంటే అది ఇనామ్ కంటే తక్కువా? నా లెక్కలో అదే పెద్ద ఇజ్జత్.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే తొందరపడి అమ్మకండి. అడుగున ముద్ర ఫోటో తీయండి. పాత వైరుని కరెంట్‌కి తగిలించకండి, ముందు మిస్త్రీకి చూపించండి. వందేళ్లు దాటిన కళావస్తువులకి 1972 నాటి చట్టం వర్తిస్తుంది, వాటిని దేశం దాటించడం నేరం. అన్నిటికంటే ముందు, దాని కిస్సా ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఒక కాగితం మీద రాసి పెట్టండి. లాంప్ పోయినా ఆ కాగితం పిల్లలకి మిగులుతుంది.