కొరియాలిపియందలి యక్షరకూటము

లిపులను వర్ణలిపులనియు, నక్షరలిపులనియు రెండుగ విభజించుట వాడుక. కొరియాదేశపులిపి యీ విభాగమునకు లొంగదు. అందు హల్లున కొక గుర్తును, అచ్చున కొక గుర్తును వేఱుగఁ గలవు. కాని వ్రాయునపుడు వానిని వరుసగఁ బేర్పక, యొక్కొక్క యక్షరమునకుఁ జెందిన వర్ణముల నొక్కొక్క చదరపుగూటఁ గూర్తురు. అక్షరమనఁగా నిచట నొక్కయచ్చు నాశ్రయించి యొక్కమాఱుగఁ బలుకఁబడు ధ్వనిసముదాయము. పదమును గుర్తించుటలో నీ కూటమున కెంతబలము గలదో యా లిపిచరిత్రమువలనఁ దెలియుచున్నది.

సెజోంగురాజు 1446వ సంవత్సరమునఁ బ్రకటించిన 'హున్మిన్‌జొంగుమ్' నందు 17 హల్లులు, 11 అచ్చులు, వెరసి 28 వర్ణము లుండెను. చీనాశాబ్దికు లక్షరమును ఆదిభాగము, శేషభాగము అని రెండుగ విభజించిరి. సెజోంగు శేషమును మరల విడఁదీసి ఆదిహల్లు, నడిమియచ్చు, తుదిహల్లు అని మూఁడంగముల నేర్పఱచెను. తుదికి వేఱుగుర్తులు గల్పింపక యాదిహల్లులనే వాడుమనియు, వర్ణములు గూడినఁగాని యక్షరము గానేరదనియు విధించెను. తెలుఁగున 'పద్మ'శబ్దమును ప-ద్మ యని వ్రాసి, ఛందస్సున మొదటియక్షరమును గురువుగ గణింతురు. కొరియావ్రాఁతలోనైనచో నా దకారము మొదటిగూటి యడుగుననే కనఁబడును.

ఈ గూటివలన నొకచిక్కు పుట్టెను. కొరియాభాషలో 'కొచ్' అనఁగా పువ్వు. దానిపై నచ్చు మొదలుగాఁ గల ప్రత్యయము చేరినచో 'కొచి' యనియు, 'కూడ' యను నర్థముగల ప్రత్యయము చేరినచో 'కొత్తొ' యనియు, 'మాత్రమే' యను నర్థముగలది చేరినచో 'కొన్మన్' అనియు వినఁబడును. విన్నట్లు వ్రాయవలెనా, ప్రకృతిని నిలిపి వ్రాయవలెనా? తుదిని ఎనిమిదిహల్లులు చాలునని 1446 నాఁటి వ్యాఖ్యయే యనుమతించినందున విన్నట్లు వ్రాయుటయే చిరకాలము బహుళమై యుండెను. 1933లోఁ గొరియాభాషాపరిషత్తు ప్రకృతిపక్షమును సిద్ధాంతముచేసెను. నాఁటినుండి పైమూఁడుచోట్లను 'కొచ్' అను గూడు మాఱదు. సంధికార్యము చదువరి నోటికే విడువఁబడినది. సంస్కృతమున 'వాచ్' అను ప్రకృతి వాక్, వాఙ్మయమ్ అని సంధిఫలముతోనే వ్రాయఁబడును. వేదమునకుఁ గల పదపాఠముసైతము పదాంతరూపమును జూపునేకాని ప్రకృతిని జూపదు. కొరియావ్రాఁత యంతకంటె నొకమెట్టు లోనికిఁ బోయినది.

1942లో జపానుప్రభుత్వ మీ పరిషత్తువారిని బంధింపఁగా నిరువురు చెఱలోనే మృతులైరి. ఆ చెఱ ననుభవించిన ఛ్వే హ్యొన్‌బే గూళ్లను విప్పి వర్ణములను వరుసగ వ్రాయవలెనని 1947లో గ్రంథము ప్రకటించెను. అతని గురువగు జూ సిగ్యోంగు 1914లోనే యట్టి వ్రాఁతకు మాదిరి చూపియుండెను. అచ్చుకూర్పునకును టైపుయంత్రమునకును సౌకర్యమని యీ పక్షమువారి వాదము. అది నిస్సారము గాదు. నేఁటి 19 ఆదిహల్లులు, 21 అచ్చులు, తుది లేకుండుటయుఁ జేర్చి 28 తుదిరూపములు గలసి 11,172 గూళ్లగును. ఐనను జనులు గూటిని విడువలేదు. 1996లో యూనికోడునం దా గూళ్లన్నిటికిని వేఱువేఱు సంకేతసంఖ్య లేర్పడుటతో నా వాదమునకు బలము తగ్గెను.

2011లోఁ బ్రకటితమైన యొక పరిశోధనమునఁ, జూపిన వ్రాఁత పదమగునా కాదా యని చదువరుల నడిగి, వారు తీర్పుచెప్పు కాలమును గణించిరి. ఉచ్చారణమందలి మొదటియక్షరము పెక్కుపదములకు సమానమైనచోఁ దీర్పు ఆలస్యమయ్యెను. వ్రాఁతగూటికి నట్టి ఫలము గనఁబడలేదు. ఒక్కపరీక్షతో సిద్ధాంతము గాదు. కాని కన్ను ప్రకృతిని జూచుచుండఁగనే బుద్ధి సంధిచేసి పలుకునందలి యక్షరమును వెదకుచున్నదని దీనివలన నూహింపఁదగును. కావున వర్ణసంఖ్యను మాత్రమే లెక్కించి యొకలిపి సులభమనియో కఠినమనియో నిర్ణయించుట తగదు. వర్ణము లేరీతిఁ గూర్పఁబడినవో, సంధిభారము వ్రాఁతపై నున్నదో చదువరిపై నున్నదో విచారించిన పిదపనే యట్టి నిర్ణయము సేయవలెను.