పెట్టెలో దాచుకున్న రాయి

1669 జూన్ 10. లండన్‌లో ఇద్దరు స్నేహితులు ఒక రోగిని పరామర్శించడానికి వెళ్లారు. పరామర్శకు మనం బత్తాయిలు పట్టుకెళ్తాం. ఆ ఇద్దరిలో ఒకాయన ఒక రాయి పట్టుకెళ్లాడు. ఆనాటి టెన్నిస్ బంతంత రాయి. పదకొండేళ్ల కిందట అది ఆయన మూత్రాశయంలోంచి బయటికి తీసిందే.

రాయి తెచ్చినాయన శామ్యూల్ పీప్స్, ఇంగ్లండు నౌకాదళ కార్యాలయంలో పెద్ద ఉద్యోగి. వెంటబెట్టుకెళ్లినవాడు జాన్ ఎవ్లిన్, చెట్ల గురించీ తోటల గురించీ పుస్తకాలు రాసిన పండితుడు. మంచం పట్టింది ఎవ్లిన్ తమ్ముడు రిచర్డ్. అతనికీ మూత్రాశయంలో రాయే. కోయించుకోవడానికి ధైర్యం చాలడం లేదు. కోయించుకుని, బతికి, నడిచి తిరుగుతున్న మనిషిని ఎదురుగా నిలబెడితే తమ్ముడి మనసు మారుతుందని అన్న ఆశ.

పీప్స్ అనగానే చరిత్ర చదివినవాళ్లకు ఆయన డైరీ గుర్తొస్తుంది. 1660 జనవరి 1న మొదలుపెట్టి తొమ్మిదిన్నరేళ్లు పొట్టిలిపిలో రాశాడు. 1665 నాటి ప్లేగు, 1666లో లండన్‌ను తగలబెట్టిన అగ్నిప్రమాదం కళ్లకు కట్టేది ఆ డైరీతోనే. అంత రాసినాయన ఈ పరామర్శ గురించి రాయలేదు. కళ్లు పోతాయన్న భయంతో 1669 మే 31న, అంటే సరిగ్గా పది రోజుల ముందు, డైరీ రాయడం ఆపేశాడు. ఎవ్లిన్‌కు కూడా దినచర్య రాసే అలవాటుంది కాబట్టి ఈ సంగతి మనదాకా వచ్చింది. ఇంగ్లండు చరిత్రలో పెద్దపెద్ద యుద్ధాల కంటే ఆ ఒక్క సాయంత్రమే నన్ను ఎక్కువగా కట్టిపడేసింది.

పీప్స్ 1633లో లండన్‌లో ఒక దర్జీ ఇంట పుట్టాడు. చిన్నప్పటి నుంచీ ఆ నొప్పి ఎరుగుదు. కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో ఒక ఎండపూట చాలా దూరం నడిచి, కడుపు నిండా నీళ్లు తాగాక నొప్పి తిరగబెట్టింది. కిడ్నీలోని రాయి మూత్రాశయంలోకి దిగింది అప్పుడేనని ఆయన నమ్మకం. పాతికేళ్లు వచ్చేసరికి బతుకు దుర్భరమైంది. బంధువు జేన్ టర్నర్ తన ఇంట్లో గది ఇచ్చింది. 1658 మార్చి 26న సెయింట్ థామస్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు థామస్ హాలియర్ ఆ ఇంట్లోనే కోత పెట్టాడు.

మత్తుమందు లేని కాలమది. ఈథర్ ఇచ్చి బోస్టన్‌లో బహిరంగంగా ఆపరేషన్ చేసి చూపింది 1846లో. చీము పట్టకుండా గాయాన్ని, పనిముట్లను శుభ్రం చేయాలని జోసెఫ్ లిస్టర్ లోకానికి చెప్పింది 1867లో. అప్పటిదాకా రోగిని బల్లకు కట్టేసేవారు, బలమైన మనుషులు కాళ్లూ చేతులూ అదిమి పట్టుకునేవారు. మలద్వారానికి ముందు భాగంలో కోసి, పట్టకారుతో రాయిని లాగేవారు. నిమిషాల్లో ముగిసిపోవాలి. చేతివేగమే వైద్యుడి పేరు నిలబెట్టేది.

ఈ కోత మనకు కొత్త కాదు. సుశ్రుత సంహిత దీన్ని అశ్మరీ చికిత్సలో వర్ణించింది. రోగిని ఒక మనిషి ఒళ్లోకి వెనక్కి వాలేలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి కట్టాలి. వైద్యుడు ఎడమ చేతి వేళ్లతో లోపలినుంచి రాయిని కిందికి తెచ్చి, ఎడమవైపున కోయాలి. ఆ తరువాత రోగిని గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టాలి. అంతకు ముందే రాజు అనుమతి తీసుకోమంటుంది ఆ గ్రంథం. కోయకపోతే చావు ఖాయం, కోస్తే బతుకు అనుమానం అని వైద్యుడికి ముందే హెచ్చరిక చేస్తుంది. ఎన్నో శతాబ్దాల తరువాత లండన్‌లో పీప్స్ పడుకున్న బల్ల మీద లెక్క ఇంచుమించు అదే.

పీప్స్ బతికాడు. నెలకు పైగా మంచం మీదే ఉండి, గాయం మానాక లేచాడు. మనవాళ్లయితే మొక్కు తీర్చుకునేవాళ్లు. ఆయనా అలాంటిదే ఒకటి పెట్టుకున్నాడు: ఏటా మార్చి 26ను పండగలా జరపాలి, ఏ ఇంట్లో కోత జరిగిందో ఆ ఇంటివాళ్లను, జేన్ టర్నర్‌ను, పిలిచి భోజనం పెట్టాలి. 1660లో ఆ రోజుకు ఆయన ఓడ మీద ఉన్నాడు, భోజనం పెట్టడం కుదరలేదు. రెండేళ్లయిందని మాత్రం డైరీలో రాసుకున్నాడు. 1662 నాటి వంటకాల జాబితా ఉంది. ఉడికించిన కార్ప్ చేపలు రెండు, వేయించిన కోళ్లు ఆరు, సాల్మన్ చేప తల, ఎద్దు నాలుకలు, జున్నుగడ్డ. వంటకు మనిషిని కుదుర్చుకున్నాడు. మరుసటి ఏడు విందు ఏప్రిల్ 4కు జరిగింది గానీ ఇంకా ఘనంగా జరిగింది. కుందేళ్లు, గొర్రె తొడ, పావురాలు, నాలుగు లాబ్‌స్టర్లు కూడా వడ్డించారు.

1664 ఆగస్టులో ఆ రాయికి ఒక పెట్టె చేయించడానికి పురమాయించాడు. ఖర్చు 25 షిల్లింగులు. పైసా పైసా లెక్క రాసుకునే మనిషి ఒక గులకరాయికి అంత పెట్టాడంటే, దాన్ని ఆయన ఎలా చూసుకున్నాడో తెలుస్తుంది. ఆపరేషనయ్యాక రాళ్లను చిన్న సీసాలో వేయించుకుని ఇంటికి తెచ్చి, వచ్చినవాళ్లందరికీ చూపించేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఒంట్లోంచి బయటికొచ్చిన గండాన్ని పదిమంది కళ్లకూ చూపిస్తే మనసు కుదుటపడుతుంది.

అంతకు ముందు ఏడాది, 1663 ఫిబ్రవరి 27న, ఆయన శస్త్రవైద్యుల సంఘం భవనానికి వెళ్లాడు. ఆ రోజు అక్కడ కిడ్నీలు, మూత్రనాళాల మీద ఉపన్యాసం. తరువాత డాక్టర్ స్కార్బరో వెంట మళ్లీ లోపలికి వెళ్లి, రాయి ఎలా ఏర్పడుతుందో, ఎక్కడ కోసి తీస్తారో శవం మీద చూశాడు. వట్టి చేత్తో ఆ శవాన్ని తాకి చూశాడు కూడా. కోతపెట్టినప్పుడు తన ఒంటికి ఏం చేశారో ఆ క్షణంలో ఆయనకు తెలిసే వీలు లేదు. అయిదేళ్ల తరువాత తెలుసుకోవాలనిపించింది.

పూర్తిగా కోలుకున్నాననే ధీమా మాత్రం ఆయనకెప్పుడూ రాలేదు. 1664 చివర్లో తన ఆరోగ్యానికి కారణం కుందేలు కాలి తాయెత్తా, రోజూ వేసుకునే టర్పెంటైన్ మాత్రా అని తర్కించుకున్నాడు. చలిగాలి తగిలినా నొప్పి వచ్చేది. అందుకే ఒళ్లు సహకరించిన రోజును ఆయన వృథా చేయలేదు. అలాంటి ఒక ఆదివారం డైరీలో ఉంది. మొత్తం డైరీలో ఒక్క రోజే చదవమంటే నేను దాన్నే చూపిస్తాను.

1667 జూలై 14. నెల కిందటే డచ్చివాళ్లు మెడ్వే నదిలోకి వచ్చి ఇంగ్లండు యుద్ధనౌకలను తగలబెట్టి పోయారు. నౌకాదళ ఉద్యోగిగా పీప్స్ తల ఎత్తుకోలేని రోజులు. అయినా నాలుగింటికే లేచాడు. భార్య ఎలిజబెత్ ముస్తాబయ్యేసరికి ఆలస్యమైందని కాసేపు చిరాకుపడ్డాడు. ఆమె, పొరుగింటి టర్నరమ్మ (జేన్ టర్నర్ కాదు, ఈవిడ వేరు), గుమస్తా విల్ హ్యూయర్ వెంట బయలుదేరారు. నాలుగు గుర్రాల బండి. దారికని సీసాల్లో వైనూ బీరూ, చల్లారిన కోడిమాంసం. మన కార్తీక వనభోజనాలకు వెళ్లే బండి గుర్తుకురాదూ!

ఎనిమిదింటికల్లా ఎప్సమ్ చేరారు. ఆ పేరు తెలుగు పాఠకులకు తెలిసిందే. మందుల షాపులో అడిగే, మిద్దెతోటల్లో మొక్కలకు వేసే ఎప్సమ్ సాల్ట్ ఆ ఊరి బావి నీళ్లలోదే, మెగ్నీషియం సల్ఫేట్. 1618లో కరవు రోజుల్లో ఒక పశువుల కాపరి అక్కడి గుంటలో నీళ్లను పశువులు ముట్టకపోవడం చూశాడని, అలా ఆ నీటి చేదు బయటపడిందని అక్కడ చెప్పుకుంటారు. ఆ చేదు నీళ్లు కడుపు శుభ్రం చేస్తాయని తెలిశాక లండన్ జనం ఊరి మీద పడ్డారు. పీప్స్ ఆ పొద్దున నాలుగు పైంట్లు తాగాడు, రెండు లీటర్లకు పైనే. చాటుకు పరుగెత్తాల్సి రావడం కూడా దాచకుండా రాసుకున్నాడు.

అక్కడినుంచి వెళ్లి కింగ్స్ హెడ్ సత్రంలో దిగారు. పక్కింట్లో నాటకాల రాణి నెల్ గ్విన్ బస చేసిందని తెలిసింది. చర్చికి వెళ్లారు, భోజనం చేశారు, ఎండ మండిపోతుంటే కాసేపు కునుకు తీశారు. తరువాత యాష్‌టెడ్ వైపు బండి పోనిచ్చి, చిన్నప్పుడు తను వచ్చి ఉన్న చుట్టాల ఇంటిని భార్యకు చూపించాడు. ఇంటి చుట్టూ తిరిగి చూశాడు. చిన్ననాటి అడవిలో దారి తప్పాడు. తిరిగొచ్చేటప్పుడు చిన్న గట్టు మీంచి దూకి కుడి కాలు బెణికించుకున్నాడు. నాలుగడుగులు వేస్తే నొప్పి తగ్గినట్టనిపించి, కొండమైదానం మీదికి నడిచాడు.

అక్కడ గొర్రెల మంద. మందను కాస్తున్న కాపరి పక్కన అతని చిన్న కొడుకు కూర్చుని తండ్రికి బైబిల్ చదివి వినిపిస్తున్నాడు. చుట్టూ కనుచూపు మేరలో ఇల్లు లేదు, మనిషి లేడు. పీప్స్ పిల్లాణ్ని మళ్లీ చదవమని విన్నాడు, వాడికి ఏదో ఇచ్చాడు. తండ్రితో కబుర్లలో పడ్డాడు. మందలో గొర్రెలెన్ని? పద్దెనిమిది ఇరవైలు, అంటే 360. కూలి ఎంత? ఏడాది పొడుగునా వారానికి నాలుగు షిల్లింగులు. రెండు రంగుల ఉన్ని మేజోళ్లు. చెప్పుల మునివేళ్లకూ మడమలకూ ఇనుప కట్లు, అరికాలి కింద పెద్ద మేకులు. ఎందుకిలా అంటే, ఈ మైదానం నిండా రాళ్లే కదా అన్నాడట కాపరి. ఆ సాయంత్రం చూసినంత అందమైనదీ హాయైనదీ తను ఎన్నడూ చూడలేదన్నట్టుగా రాసుకున్నాడు పీప్స్. టర్నరమ్మ పూలు కోసి గుత్తి కట్టుకుంది. సత్రానికి తిరిగొచ్చే దారిలో పాలమ్మే ఆవిడ కనిపిస్తే పాలు కొనుక్కుని తాగారు. చీకటి పడ్డాక మిణుగురులు కనిపించాయి. ఇల్లు చేరేసరికి కాలు నొప్పి మళ్లీ మొదలైంది. మర్నాటికీ తగ్గలేదు.

ఏమీ జరగని రోజు అది. కోతబల్ల మీంచి లేచి తొమ్మిదేళ్లు దాటిన మనిషి, గట్టు మీంచి దూకగలిగిన రోజు. కాలు బెణికినా సరే.

రిచర్డ్ ఎవ్లిన్ ఇల్లు ఆ ఎప్సమ్‌ పక్కనే, ఉడ్‌కోట్ పార్క్‌లో. రెండేళ్ల తరువాత లండన్‌లో రాయి పట్టుకుని అతణ్ని చూడబోయినప్పుడు పీప్స్ ఏం మాట్లాడాడో ఎవ్లిన్ రాయలేదు. ధైర్యం చెప్పడానికే వెళ్లామని మాత్రం రాశాడు. ఎవ్లిన్‌కు ఈ కోత సంగతి మరో విధంగానూ తెలుసు. 1650 మేలో పారిస్‌లోని షారితే ఆసుపత్రిలో నిలబడి కళ్లారా చూశాడు. నలభయ్యేళ్ల మనిషి ఒంట్లోంచి టర్కీ కోడిగుడ్డు కంటే పెద్ద రాయి తీశారు. తరువాత ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల పిల్లాడు. అంత నొప్పినీ ఓర్చుకుని, రాయి బయటికొచ్చాక దాన్ని చూసి సంబరపడ్డాడు. ఆ సంబరం ఎవ్లిన్ మరిచిపోలేదు, రాసి పెట్టుకున్నాడు. అయినా తను చూసినది చెప్పడం కన్నా, అనుభవించినవాణ్ని తీసుకెళ్లడమే మేలనుకున్నాడు. మత్తుమందు లేని రోజుల్లో రోగి చేతికి అందే ఊతం అదొక్కటే: ఇదివరకు ఇదే బల్ల ఎక్కి దిగినవాడి మాట.

రిచర్డ్ ఒప్పుకోలేదు. రాయిని చూశాడు, బతికిన మనిషిని చూశాడు, కత్తికి మాత్రం జడిశాడు. 1670 మార్చిలో చనిపోయాడు. అతణ్ని పిరికివాడనడానికి నాకు నోరు రాదు. ఇప్పటికీ ఆపరేషన్ గది తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్లు మన ఇళ్లలో లేరా?

స్నేహితులిద్దరూ ఆ తరువాత మూడు దశాబ్దాలకు పైగా ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. వయసు మీదపడ్డకొద్దీ ఉత్తరాల్లో పుస్తకాలతో పాటు ఒంటి సంగతులూ చేరాయి. 1700లో పీప్స్ పాత గాయం, నలభయ్యేళ్ల కిందట హాలియర్ కోసిన చోటు, మళ్లీ విచ్చుకుంది. కుట్లు వేయాల్సి వచ్చింది. వారాల తరబడి మంచం దిగలేదు. అప్పుడు ఆయన మేనల్లుడు జాన్ జాక్సన్ యూరప్ యాత్రలో ఉన్నాడు. రోమ్‌లో జూబిలీ ఉత్సవాలు చూసి, ఊరూరూ తిరుగుతూ మామయ్యకు ఉత్తరాలు పంపుతున్నాడు. కుర్రాడు కంగారుపడి యాత్ర మానుకుంటాడేమోనని కాబోలు, పీప్స్ కాస్త తేరుకున్నాకే తన జబ్బు సంగతి రాశాడు. అటునుంచి ఊళ్ల వింతలు, ఇటునుంచి గాయం మానిన కబురు. ఓడల మీదా గుర్రాల మీదా వారాల తరబడి ప్రయాణం చేసి ఆ కాగితాలు ఒకరికొకరివి చేరాయి.

ఆ ఏడాది సెప్టెంబరులో ఎవ్లిన్ క్లాపమ్‌కు వెళ్లి మిత్రుణ్ని చూశాడు. పీప్స్ అప్పుడు ఉంటున్నది విల్ హ్యూయర్ ఇంట్లో. ఎప్సమ్ ప్రయాణంలో వెంట వచ్చిన ఆ గుమస్తాయే, ఇప్పుడు సంపన్నుడై యజమానిని తన ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు.

1703 మే 26న పీప్స్ కన్నుమూశాడు. వైద్యులు శరీరాన్ని పరీక్షిస్తే ఎడమ కిడ్నీలో ఒకే చోట ఏడు రాళ్లు దొరికాయి. అన్నీ కలిపి నాలుగున్నర ఔన్సులు. అన్నేళ్లూ అవి లోపలే ఉన్నాయి. శవపేటిక మీది వస్త్రం అంచు పట్టుకుని నడవమని మేనల్లుడు జాక్సన్ ఎవ్లిన్‌కు సంతాప దుస్తులు పంపించాడు. ఎవ్లిన్‌కు ఎనభై రెండేళ్లు, ఒంట్లో బాగోలేదు. వెళ్లలేకపోయాడు. దాదాపు నలభయ్యేళ్ల స్నేహితుడికి ఆ ఆఖరి సేవ చేయలేకపోయానని ఆ రోజు తన దినచర్యలో రాసుకున్నాడు.