ఒక కళాశాల, రెండు ఐక్యతలు

నల్లగొండ జిల్లాలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక విద్యార్థి నన్ను అడిగాడు: "మేము బాప్టిస్టులం. పాలమూరులో మా మేనత్తవాళ్లు ఎం.బి. సంఘం. తేడా ఏంది సార్?" నాకు జవాబు తెలియలేదు. దానికోసం వెతుకుతూ పోతే హైదరాబాదులోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ చరిత్ర దాకా వెళ్లవలసివచ్చింది. మతసంస్థ చరిత్రతో మనకేం పని అని అభ్యుదయవాదులు అడగవచ్చు. పని వుందనే నా వాదన.

1890 ప్రాంతంలో నల్లగొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా సామ్రాజ్యంలో స్థిరపడిన జర్మను భాషీయులైన మెన్నోనైట్లలో ఒకడు. పనిచేసింది మాత్రం అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. 1899లో అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరన్ శాఖ కూడా తన మిషనరీలను పంపింది. పల్లెల్లో ఎం.బి. అనేది ఈ శాఖనే. 1914లో యుద్ధం వచ్చి రష్యానుంచి అందే సాయం తెగిపోయింది. 1930లలో అమెరికన్ బాప్టిస్టులు మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రాలను మెన్నోనైట్లకు అప్పగించారు. నల్లగొండ బాప్టిస్టులకు మిగిలింది. జాగీర్లు చేతులు మారినట్టు క్షేత్రాలు చేతులు మారాయి. నిర్ణయం మిషన్లది, పేరు పల్లెలది. రెండు శాఖలూ తెలివి వచ్చినవారికే, నీటిలో ముంచే బాప్తిస్మమిస్తాయి. నా విద్యార్థికి తేడా కనిపించలేదంటే తప్పు అతనిది కాదు.

ఎవరి క్షేత్రం వారిదైనట్టే, ఎవరి బడి వారిదైంది. బాప్టిస్టు బోధకులకు 1870లలోనే రామాయపట్నంలో సెమినరీ ఏర్పడింది. కెనడా బాప్టిస్టులకు కాకినాడ, లూథరన్లకు రాజమండ్రి లూథర్‌గిరి, 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయిన అజరయ్యకు దోర్నకల్ కేంద్రాలైనాయి. మెన్నోనైట్ల బైబిలు బడి 1920 ప్రాంతంలో నాగర్‌కర్నూలులో మొదలై తరువాత శంషాబాదు చేరింది. అందరూ చదివింది తెలుగు బైబిలే, చదివిన గోడలు వేరు.

ఈ గోడలు కూల్చాలన్న ఆలోచన కొత్తది కాదు. 1919లో తరంగంబాడిలో అజరయ్య ప్రభృతులు సంఘాల ఐక్యతకు పిలుపునిచ్చారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. బాప్టిస్టులూ లూథరన్లూ అందులో చేరలేదు. అయితే ఒక్క సంఘం కాలేనివారు ఒక్క బడి కాగలిగారు. విడివిడిగా అధ్యాపకులనూ గ్రంథాలయాలనూ పోషించడం, అందునా విదేశీ మిషనరీలు తగ్గిపోతున్న కాలంలో, ఎవరికీ సులువు కాదు. 1964లో రాజమండ్రిలో వివిధ శాఖల ఉమ్మడి కళాశాల వెలిసింది. 1970ల తొలి సంవత్సరాలలో అది హైదరాబాదుకు, ట్యాంక్‌బండు దిగువకు తరలింది. డిగ్రీలు మాత్రం సెరాంపూరువి. 1818లో కేరీ బృందం స్థాపించిన ఆ కళాశాలకు పట్టాలిచ్చే అధికారం 1827లో డెన్మార్కు రాజు ఇచ్చినది! కాలక్రమాన నాయకత్వం తెలుగువారి చేతికొచ్చింది. ఇక్కడ ప్రిన్సిపాలుగా పనిచేసిన విక్టర్ ప్రేమసాగర్ 1988లో దక్షిణ ఇండియా సంఘానికి మాడరేటరైనారు.

ఇది మొదటి ఐక్యత. మిషన్ చరిత్రలు చెప్పేది దీన్నే. కాని నన్ను ఆకర్షించింది రెండవది. తెలుగునాట బాప్టిస్టు ఉద్యమంలో మాదిగలు, కోస్తా లూథరన్ సంఘాలలో మాలలు అధికం. కాబట్టి శాఖాభేదం వెనుక కులభేదం కూడా దాగివుంది. బాప్టిస్టునూ లూథరన్నూ ఒకే బల్లపై కూర్చోబెట్టడమంటే చాలాసార్లు మాదిగనూ మాలనూ కూర్చోబెట్టడమే. జర్మనీలోనో ఇంగ్లండులోనో పుట్టిన సిద్ధాంత వివాదాన్ని సర్దుబాటు చేయడం తేలిక. మనువు పెట్టిన మెట్లను తీసివేయడం తేలిక కాదు.

1981లో బెంగుళూరులో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో దళిత వేదాంతమనే మాట ముందుకొచ్చింది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ వాడలో చాలామంది క్రైస్తవులే. మతం మారినా కత్తి గుర్తుపట్టింది. ప్రభుత్వం మాత్రం గుర్తుపట్టలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులాల జాబితానుంచి తప్పించింది. మన రాష్ట్రంలో వారు బి.సి.-సి వర్గంలో ఒక శాతంతో సరిపెట్టుకోవాలి.

ఇక మన లోపం. 1946-51 మధ్య నల్లగొండ కూలీ వెట్టిని ధిక్కరించి భూమి అడిగాడు. అలాంటి కూలీలలో ఆదివారం ప్రార్థనకు వెళ్లేవారూ వున్నారు. మన చరిత్రకారులు వారిని కూలీలుగా మాత్రమే చూశారు, మిషన్ చరిత్రకారులు విశ్వాసులుగా మాత్రమే చూశారు. మనిషి రెండు పుస్తకాలలో సగం సగం మిగిలాడు. విదేశీ ధనంతో పెరిగిందన్న ఒక్కమాటతో ఈ కళాశాలను తోసిపుచ్చేవారు, వెట్టివాడి మనవడికి గ్రంథాలయం తలుపు తీసిన సంస్థలు ఆనాడు ఎన్ని వున్నాయో లెక్క చెప్పాలి. అలాగని పొగడ్తా వద్దు. మెన్నోనైట్ల బడి శంషాబాదులోనే వేరుగా వుండిపోయింది, బి.డి. చదువు ప్రధానంగా ఇంగ్లీషులో సాగింది, పల్లె ప్రార్థన తెలుగులో సాగింది.

నా విద్యార్థికి ఇప్పుడు జవాబు చెప్పగలను: మీ ఇద్దరి మధ్య తేడా మీరు పెట్టుకున్నది కాదు. కాని అతను అడగని ప్రశ్న ఇంకొకటుంది. ఒకే ప్రార్థన చేసే మాలవాడకూ మాదిగవాడకూ మధ్య పెళ్లి సంబంధం ఎందుకు కుదరదు? ఆ కళాశాల పట్టభద్రులూ, మన సంఘాల కార్యకర్తలూ ఇద్దరూ దీనికి జవాబు బాకీ వున్నారు.