తక్సీం అంటే తెగతెంపులు కాదు

ఉర్దూ మీడియం బడిలో మాకు నేర్పిన నాలుగు లెక్కలు: జమా, తఫ్రీఖ్, జర్బ్, తక్సీం. ఇంటికొస్తే అదే తక్సీం మాట పెద్దల నోట 1947 సంగతిగా వినిపించేది. అందుకేనేమో, విడదీయడమంటే నాకు చాలాకాలం భయం. ఆ భయాన్ని తగ్గించింది కంప్యూటర్ తారీఖ్‌లోని ఒక వాకియా.

లినక్స్ కంప్యూటర్ తెర మీద కిటికీలు తెరిచే పని చాలా ఏళ్లు ఎక్స్ విండో సిస్టమ్‌దే. 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. ఇరవయ్యేళ్లలో అదొక పెద్ద ఉమ్మడి ఖాన్‌దాన్ అయింది. లైబ్రరీలు, డ్రైవర్లు, ఫాంట్లు అన్నీ ఒకే కప్పు కింద. ఒక డ్రైవర్‌లో చిన్న తప్పు దిద్దినా, మొత్తం విడుదలయ్యేదాకా ఇంతెజార్.

చివరికి ఎక్స్.ఆర్గ్ వాళ్లు ఇల్లు పంచారు. 2005 డిసెంబర్ 21న ఒకేరోజు రెండు విడుదలలు ఇచ్చారు. 6.9 ఉమ్మడిది, 7.0 విడివిడి భాగాలది. రెండింటి కోడూ ఒకటే. పంపకంలో ఏదీ పోలేదని అలా భరోసా ఇచ్చారు. ఆ తర్వాత ఏ భాగం సిద్ధమైతే అదే బయటికొచ్చేది.

కొత్త మస్లా కూడా వచ్చింది. ఏది దేనితో కుదురుతుందో ప్రతి భాగమూ రాసిపెట్టుకోవాలి. అందుకే 2012లో వచ్చిన 7.7 దాకా, కుదిరిన భాగాలన్నిటినీ అప్పుడప్పుడు ఒకే నంబరు కింద చేర్చేవారు. వేరు కాపురాల అన్నదమ్ములు ఈద్ రోజున ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నట్టు!

తాండూరు నాపరాయి గనుల్లో ఈ హునర్ ఎప్పటినుంచో ఉంది. పొర ఉన్నచోట ఉలి పెడితే పలక సాఫుగా లేస్తుంది. అడ్డంగా కొడితే పగులుతుంది.

మన జిల్లా సంగతీ అంతే. 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి నుంచి వికారాబాద్ వేరైంది. అంతకుముందు తాండూరు మనిషికి కలెక్టరేట్ పనంటే హైదరాబాద్‌లోని లక్డీకాపూల్ దాకా సఫర్. ఇప్పుడది వికారాబాద్‌తో సరి. రంగారెడ్డితో రిష్తాలేమీ తెగలేదు.

మన ఇళ్లలోనూ హిస్సాలు పంచుకునే రోజు వస్తుంది. గోడ ఎక్కడ లేపాలో చూసుకునే ముందు, అమ్మీజాన్ మందుల జిమ్మేదారీ ఎవరిదో కాగితం మీద రాసుకుందాం. పంచుకోవడం తప్పు కాదు, ఆ కాగితం రాయకపోవడమే తప్పు.